టీవీలో పంట, నోట్లో భక్షం

ఆ రోజుల్లో నాకు లోకంలో తెలియని సంగతి లేదు. ఏ ఫోను ఎన్నాళ్లు నిలుస్తుందో, ఏ హీరో పని అయిపోయిందో, ఏ పరీక్షలో ఏ ప్రశ్న వస్తుందో, ఎవరైనా అడగడమే ఆలస్యం, చెప్పేసేదాన్ని (అడక్కపోయినా చెప్పేసేదాన్ని). అప్పుడు నేను వనపర్తిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు పాఠాలు చెబుతుండేదాన్ని. మా ఊరు బిజినేపల్లి దగ్గర. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు. ఆ ప్రయాణంలో నాకు తోడు ఒక చేతి గేమ్ డబ్బా. రెండు అరచేతుల్లో ఇమిడే తెర, దానికి అటూ ఇటూ మీటలు. మొదటి జీతాలన్నీ తెచ్చి దానికే పోశాను. దాన్ని చూసినప్పుడల్లా మా అమ్మ "గా పైసలతోని ఒక పట్టుచీర వచ్చు" అని నిట్టూర్చేది. బస్సులో దాన్ని ఆడీ ఆడీ నేనొక సిద్ధాంతం కనిపెట్టాను. టీవీకి తగిలించుకుని ఇంట్లో కూర్చుని ఆడే పెద్ద డబ్బాల కాలం తీరిపోయింది, ఇక రాబోయేదంతా చేతి డబ్బాలదే అని. పక్క సీట్లో కూరగాయల గంపతో కూర్చున్న పెద్దమ్మకు కూడా ఇది వివరంగా చెప్పాను. "గట్లనా బిడ్డా" అని ఆమె వెంటనే ఒప్పుకుంది. కాబట్టి అప్పటిదాకా నా సిద్ధాంతానికి ఎదురు లేదు.

అలాంటప్పుడు గద్వాల నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి విత్తనాల కంపెనీలో పనిచేస్తాడు, పత్తి గింజ మొలుస్తుందా లేదా అని పరీక్షించి చెప్పడం ఆయన ఉద్యోగం. పెళ్లిచూపుల రోజు టీలు, మిక్చరు, మా పెద్దనాయన ప్రశ్నలు (మా నాయనకు అన్న, మా ఇంటి మొత్తానికి జడ్జి) అన్నీ అయ్యాక "పిల్లలను జర మాట్లాడుకోనియ్యుర్రి" అని ఎవరో పుణ్యాత్ములు అన్నారు. మా ఇద్దరినీ లోపలి గదిలోకి తోశారు. అక్కడ బియ్యం బస్తాల పక్కన చార్జింగు పెట్టిన నా డబ్బా ఉంది. ఆయన కళ్లు నా మీదినుంచి దాని మీదికి పోయి అక్కడే ఆగిపోయాయి.

"ఇది మీ తమ్మునిదా?" అన్నాడు.

"నాకు తమ్ముడు లేడు. నాదే."

"మంచిగనే ఉన్నది. కని తెర చిన్నది గద, కండ్లు గుంజవా? మా ఇంట్ల పెద్దది ఉన్నది, టీవీకి పెట్టేది. అసలు ఆటంటే గదీ."

ఆ 'అసలు ఆట' నా నెత్తికెక్కింది. తల వంచుకుని ఉండమని అమ్మ చెప్పిన మాట గాలికి పోయింది. "ఇంట్ల పెట్టుకునేటివి ఇంకెన్నేండ్లుంటయండి? వైరున్న ఫోన్లు పోలేదా? ఇవి గూడ పోతయ్. అన్నీ చేతిలకే వస్తయ్" అన్నాను.

"చేతిల బకెట్ ఉన్నదని బోరు మోటరు పీకేసుకుంటమా? బలం బలమే గద. సెల్‌ఫోన్ల సినిమా వస్తుందని టాకీసులు బంద్ అయినయా?"

"మా ఊర్ల అయింది."

"మా గద్వాల్ల కాలే."

అక్కణ్నుంచి బ్యాటరీ మీదికి, బ్యాటరీ నుంచి కరెంటు కోతల మీదికి, కోతల నుంచి మీటల గట్టిదనం మీదికి పోయాం. బయట పెద్దవాళ్లు మా గొంతులు విని తెగ మురిసిపోయారట, ఇంతసేపు మాట్లాడుకుంటున్నారంటే ఒకరికొకరు నచ్చినట్టే అని. ఆయన చెమట తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. నిజం చెప్పాలంటే ఆ పూట నాకు ఎక్కడలేని హుషారు. అంతకుముందు వచ్చిన పెళ్లికొడుకులు వంట వచ్చా అని అడిగినవాళ్లే. నాతో వాదం పెట్టుకున్న మొదటి మనిషి ఈయన. అయినా "నచ్చిండా?" అని అమ్మ అడిగితే "ఇల్లు చూసుడు అయినంక చెప్త" అని బెట్టు చేశాను.

ఇల్లు చూసుడు మావైపు పద్ధతి. పిల్లను చూసుకుని పోయాక, పిల్ల తరఫు మగవాళ్లు పోయి పిల్లవాడి ఇల్లూ జాగా చూసి రావాలి. పిల్ల మాత్రం పోకూడదు (ఆ ఇంట్లో ఉండబోయేది పిల్లే కాబట్టి కాబోలు). దీనికొక గట్టి నియమం ఉంది. సంబంధం ఒప్పుకునేదాకా ఆ ఇంట్లో ఏమీ తినకూడదు. నోట్లో ముద్ద పడిందంటే మాట ఇచ్చినట్టే. నీళ్లు తాగొచ్చు. టీ విషయంలో పెద్దల్లో భేదాభిప్రాయాలున్నాయి. బయల్దేరే ముందు పెద్దనాయన అందరినీ నిలబెట్టి హెచ్చరించాడు. "పిల్ల ఇంక అవునన్లే. ఆడ మంచినీళ్లు తప్ప ఏం ముట్టొద్దు. ఇన్నవా బామ్మర్దీ?" అని మా మామ వైపు వేలు చూపించాడు. మామ అంటే మా అమ్మ తమ్ముడు, తినడంలో ఆయనకు జిల్లాలో పేరుంది.

నేను మామను పక్కకు పిలిచి నా పని అప్పజెప్పాను. "మామా, టీవీ కింద ఒక డబ్బా ఉంటది. దాని రిమోట్లు ఒకటున్నదా, రెండున్నయా చూడు. రెండుంటే రెండోది అరిగిందా, కొత్తగనే ఉన్నదా చూడు."

"గదేం పరీక్ష బిడ్డా?"

"రెండోది కొత్తగనే ఉంటే ఒక్కడే ఆడుకునే మనిషన్నట్టు. గసొంటి ఇంట్ల నాకేం పని?"

పైకి నవ్వుతూ అన్నాను గానీ నా అవునూ కాదూ నిజంగా దాని మీదే పెట్టుకున్నాను. ఒక మనిషితో బతుకంతా ఉండాలి, ఆ మనిషి గురించి నాకు తెలిసింది బియ్యం బస్తాల పక్కన పెట్టుకున్న తగువు ఒక్కటే. ఇంకేం చూసి తేల్చుకోను?

గద్వాలలో ఏం జరిగిందో తర్వాత మామ చెప్పగా విన్నాను. మా నాయన, పెద్దనాయన, మామ పోయి ఇల్లు చూశారు, స్లాబు చూశారు, బోరులో నీళ్లు చూశారు. పెద్దనాయన ప్రతి గోడనూ గుద్ది చూశాడు. లేచి వచ్చే ముందు మామకు నా పని గుర్తొచ్చి "గా డబ్బా ఒకసారి చూస్త బాబూ" అన్నాడు. ఆ అబ్బాయి సంబరంగా టీవీ పెట్టాడు. తెర మీద ఎర్రటి చెలక, దాంట్లో ఒక ట్రాక్టరు. వ్యవసాయం ఆటట! మామ ఒక సాలు దున్నేసరికి పెద్దనాయనకు ఆగలేదు. "గట్ల దున్నుతరా ఎవరన్నా? సాలు వంకర పోతున్నది, ఇటియ్యి" అని రిమోటు గుంజుకున్నాడు. జీవితంలో సెల్‌ఫోను కూడా సరిగ్గా పట్టని మనిషి, ఆ ట్రాక్టరును గట్టు దాకా నడిపి, మలిపి, రెండో సాలు పట్టాడట. తర్వాత ఎరువు. తర్వాత మందు. "వాన లేకుంటనే మొలిసింది, ఏం గింజలివి అల్లుడా?" అని అడిగాడట (ఇంకా అల్లుడు కాలేదని నాయన గిల్లాడు, ఆయనకు తగల్లేదు). పంట పండి కోతకొచ్చేసరికి తెర మీద మబ్బు పట్టింది. ఇంక ముగ్గురిలో ఎవరూ లేచే స్థితిలో లేరు. "కోసుకునే పోదాం, కండ్ల ముంగట పంట తడుస్తుంటే ఎట్ల పోతం?" అన్నాడు పెద్దనాయన, గొంతు వణుకుతుండగా.

అదిగో, అప్పుడు అబ్బాయి వాళ్ల అవ్వ, అంటే నాయనమ్మ, పళ్లెం నిండా వేడి భక్షాలు పట్టుకొచ్చింది (మిగతా ఊళ్లవాళ్లు బొబ్బట్లంటారు, మాకు భక్షాలే). పెద్దనాయన చేతులు రెండూ రిమోటు మీద, కళ్లు రెండూ మబ్బు మీద. "నోరు దెరువు నాయనా, చల్లారితే బాగుండవు" అంది అవ్వ. ఆయన నోరు తెరిచాడు. నెయ్యి కారుతున్న ముక్క లోపలికి పోయింది. అన్న తింటున్నాడు కదా, ఒప్పుకున్నట్టే ఉంది అనుకుని నాయనా తిన్నాడు. మామకు అసలు ఎవరినీ చూడాల్సిన పని పడలేదు. పంట ఇంటికి చేరింది. వెనకనుంచి అబ్బాయి తండ్రి రెండు చేతులూ జోడించి "నోరు తీపి చేసుకుంటిరి, మస్తు సంతోషం, ఇగ ముహూర్తం చూద్దాం" అన్నాడు. అప్పటికి గానీ పెద్దనాయనకు నోట్లో ఏముందో తెలియలేదట. మింగలేడు, ఉమ్మలేడు. బుగ్గ ఉబ్బించుకుని అలాగే నిలబడ్డాడని మామ చేసి చూపించాడు.

ఇంటికొచ్చిన ముగ్గురూ చెప్పులు విడవకుండా వాకిట్లోనే నిలబడ్డారు. "ఏమాయె?" అంది అమ్మ. "మంచిగున్నది. పంట గూడ మంచిగనే వచ్చింది" అన్నాడు పెద్దనాయన. "ఏం పంట?" నాయన నేల చూసుకుంటూ "తిన్నం బిడ్డా" అన్నాడు నాతో.

నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అరిచాను. "నా పెండ్లిని నెయ్యిల ముంచుకొని తినొచ్చిర్రా? నేను ఇంక అవునన్ననా?" మా ఇంట్లో పెద్దనాయన మీద గొంతు లేపిన మొదటి మనిషిని నేనే. ఆయన తిట్టలేదు. రుమాలు తీసి మూతి తుడుచుకుని "తప్పయింది గని, ఇచ్చిన మాట ఎట్ల తిప్పుకుందునే" అన్నాడు దీనంగా. నాకు బాధ అబ్బాయి గురించి కాదు. నా మాట కోసం ఒక్కరైనా ఆగలేదే అని. మామ మెల్లగా నా పక్కన చేరి "రెండో రిమోటు చూసిన బిడ్డా. మస్తు అరిగింది. మీటల సందుల పసుపున్నది. వాళ్ల అవ్వ ఆడుతదంట రోజూ" అన్నాడు. నా పరీక్షలో ఆ అబ్బాయి నూటికి నూరు తెచ్చుకున్నాడు, ఆ సంగతి చెప్పుకునే వీలు మాత్రం నాకు లేకుండా చేశారు. దాంతో ఇంకా కోపమొచ్చింది.

మర్నాడు కాలేజీలో ఉండగా ఫోను. గద్వాలాయన. "ఇట్లయితదనుకోలే. మా అవ్వకు చెప్పిన. తిన్నది మీ పెద్దలు, మీరు గాదు. మీరు తినేదాంక నా వైపు నుంచి ఖాయం గాదు. వద్దంటే చెప్పుర్రి, మా వాళ్లే వెనక్కి తగ్గిర్రని చెప్పిస్త, మీ పెద్దనాయన మాట పోదు."

నిన్నటినుంచి నేను ఎదురుచూసింది ఆ మాట కోసమే. అయినా ఊరుకుంటానా? "ముందు నా డబ్బా మీద ఆడి గెలువుర్రి, తర్వాత చూద్దాం" అన్నాను.

సాయంత్రం వనపర్తి బస్టాండులో ఇస్త్రీ చొక్కాతో, చేతి సంచితో నిలబడి ఉన్నాడు. బిజినేపల్లి బస్సెక్కాం. డబ్బా ఆయన చేతిలో పెట్టాను. ఆయన బొటనవేళ్లకు ఆ మీటలు ఎక్కడ సరిపోతాయి? ఒకటి నొక్కితే రెండు పడతాయి. రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా తెర మీద ఆయన బండి గోడకు గుద్దుకుంటుంది. మా వెనక సీటాయన "కుడికి, కుడికి" అని లేచి నిలబడ్డాడు. కండక్టరు టికెట్లు ఆపి చూశాడు. గద్వాలాయన ఓడాడు, మళ్లీ ఓడాడు, ఓడినప్పుడల్లా పగలబడి నవ్వాడు. నేను అల్లరిగా "ఏది మరి మీ బోరు మోటరు?" అన్నాను. "బస్సుల గెలుపు మీదే, ఒప్పుకుంటున్న. ఇంట్ల మాత్రం ఒప్పుకోను" అన్నాడు. అప్పుడొకటి గమనించాను. పెద్ద తెర ముందు ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చోవచ్చు. అరచెయ్యంత తెరను ఇద్దరు చూడాలంటే తలలు దగ్గరికి రాక తప్పదు. మా తలలు ఎప్పుడు ఆనుకున్నాయో నాకు తెలియదు. తెలిశాక కూడా నేను జరగలేదు. నా సిద్ధాంతంలో ఈ లాభం నేను రాసుకోనే లేదు.

ఊరు ఇంకా రాకముందే బ్యాటరీ అయిపోయి తెర నల్లబడింది. అప్పుడు తెర మీదినుంచి తలెత్తి చూశాను. ఆయన ఒళ్లో సంచి, సంచిలో స్టీలు టిఫిను. దాన్ని తియ్యనూ లేడు, దాచనూ లేడు.

"గదేంది?" అన్నాను.

"మా అవ్వ ఇచ్చింది. తినుర్రి అని చెప్పొద్దు, ఊరికె పట్టుకపో అన్నది."

మూత నేనే తీశాను. భక్షాలు చల్లబడి ఒకదానికొకటి అతుక్కున్నాయి. ఒకటి విడదీసి, మడిచి, కండక్టరూ వెనక సీటాయనా చూస్తుండగానే నోట్లో పెట్టుకున్నాను. ఆయన నా బుగ్గ కదలడమే చూస్తూ "అంటే..." అన్నాడు. నోరు నిండుగా ఉంది, తల ఊపాను.

ఇప్పుడు చేతి డబ్బాలనే టీవీకి తగిలించుకుంటున్నారు, టీవీ ఆటను చేతి తెర మీదికి తెచ్చుకుంటున్నారు. ఏది ఉంటుంది, ఏది పోతుంది అని మేమిద్దరం ఇప్పటికీ కొట్లాడుకుంటూనే ఉన్నాం. కాకపోతే పక్షాలు మారాయి. ఆయనకు నడుం నొప్పి, మంచం మీద పడుకుని నా చేతి డబ్బా ఆడతాడు. నాకు కళ్లద్దాలొచ్చాయి, పెద్ద తెరైతేనే కనిపిస్తుంది. ఎవరి గదిలో వాళ్లం గెలుస్తుంటాం. ఒక్కోసారి తెర ఆపేసి కూర్చున్నప్పుడు ఆ బస్సులోని పిల్ల గుర్తొస్తుంది, కండక్టరు ముందు అంత ధైర్యంగా భక్షం నములుతూ. నవ్వొస్తుంది. లేచి పక్క గదిలోకి పోయి, ఆయన్ను కొంచెం జరగమని, ఆ అరచెయ్యంత తెరలోకి తల పెడతాను. అక్షరం ఒక్కటీ కనబడదు.