నేను వదిలేసిన వాక్యం

మా పెద్దబాపు, అంటే నాన్నకు అన్న, పోయారని మా ఊరు కేతేపల్లి నుంచి ఫోన్ వచ్చింది. నిజమేనా అని రెండుసార్లు అడిగాను. ఆయనైతే నాలుగుసార్లు అడిగి, ఫోన్ చేసినవాడు ఎవరి కొడుకో కూడా తెలుసుకుంటే గానీ నమ్మేవారు కాదు.

ఉప్పు ప్యాకెట్ కొన్నా చేతిలో ఎగరేసి బరువు చూసేవారు. టీవీలో వాన అంటే బయటికొచ్చి మొగులు చూసేవారు. చదువు రాదు. అందుకే ఏ కాగితం వచ్చినా ముగ్గురితో, ఒకరికి తెలియకుండా ఒకరితో చదివించుకునేవారు. "ఒక్కని నోట్లె కాయితం కుదురుగ ఉండదు" అనేవారు.

పత్తికట్టె నుంచి హైడ్రోజన్ తీసే కొత్త ప్లాంటులో నాకు ఉద్యోగం దొరికింది. రైతులతో ఒప్పందాలు చేయించడం నా పని. మొదట ఆయన దగ్గరికే వెళ్లాను. ఊరికే తగలబెట్టే కట్టెను వేడిచేసి గ్యాస్ తీస్తారని, దాంతో నడిచే బండ్లకు పొగ ఉండదని చెప్పాను.

"బండికి లేని పొగ ఏడికి పోతది? మీ ప్లాంటు పక్కనున్నోళ్ల ఇండ్లల్లకా?"

ఉక్రోషంగా ఒప్పందం కాగితం తీసి చదివి వినిపించాను. ఒక్క వాక్యం వదిలేశాను: ఆఖరి పత్తి ఏరాక చేనులోకి గొర్రెలను రానివ్వకూడదు. మా వైపు పత్తి అయిపోగానే కాపరులు మందలను దింపుతారు. అవి ఆకు మేశాకే కట్టె పీకుతారు. అది వింటే ఒప్పుకోరని తెలిసే వదిలేశాను.

రెండు రోజులు కాగితం తన దగ్గరే ఉంచుకుని, నన్ను పిలిపించారు. అరవలేదు.

"నువ్వు చదివిన కాయితం జర పొట్టిగ ఉందిర" అన్నారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "గొర్లు మేసినంకనే కట్టె అని రాయించు. అప్పుడు ఏలిముద్ర ఏస్త."

మేనేజర్‌తో పోట్లాడి, ఊరందరి కాగితాల్లో అలాగే రాయించాను. తన కాగితాన్ని పెద్దబాపు మళ్లీ ముగ్గురితో చదివించుకున్నారు. ఆ ముగ్గురిలో నేను లేను. ఆ తర్వాత నాకు ఏ కాగితమూ ఇవ్వలేదు. అన్నం పెట్టకుండా మాత్రం ఏనాడూ పంపలేదు.

దినకర్మ అయిన మర్నాడు ఆయన చేనుకు వెళ్లాను. పత్తి ఏరడం అయిపోయింది, మంద మేస్తోంది. గట్టు పక్కన, కట్టె కోసం వచ్చిన మా ప్లాంటు ట్రాక్టర్ ఆగి ఉంది. కాపరి నా దగ్గరికొచ్చాడు.

"పెద్దాయన పోయిండు గద సారూ, ఇగ మమ్ముల ఎల్లగొడతరా?"

"లేదు, మేసినంకనే కట్టె" అన్నాను.

తల ఊపాడు. అయినా వెళ్లి, ట్రాక్టర్ ముందు కర్ర అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.