ఆవతణం అందుకున్న ఎద్దు

నాందేడ్ వజీరాబాద్ బజారులో ఏ బొమ్మల దుకాణానికి వెళ్లినా సేటు ముందుగా అడిగేది ఒక్కటే: "ముల్గా కీ ముల్గీ?" పిల్లవాడికా, పిల్లకా అని. జవాబు విన్నాకే ఆయన చెయ్యి కదిలేది. పిల్లవాడికంటే కుడివైపు అరలోంచి ఎడ్లు, రైలింజన్లు, బొంగరాలు దిగేవి. పిల్లకంటే ఎడమవైపు అరలోంచి చిన్న పొయ్యి, చిన్న గిన్నెలు, చిన్న రోలు దిగేవి. మా మేనత్త ఇందుబాయి మాత్రం ఆ ప్రశ్నకు బతికినన్నాళ్లూ జవాబు చెప్పలేదు. "ఎనిమిదేండ్లు" అనేది, లేకపోతే "నాలుగేండ్లు" అనేది. ఎవరి కోసం కొంటే వాళ్ల వయసు.

"వయసు అడుగలేదు బాయీ" అనేవాడు సేటు.

"గదే అడుగాలె సేటూ. ఆట వయసును బట్టి ఉంటది."

1985లో పోయేదాకా ఇదే పట్టు. నా తరువాత చాలా ఏళ్లకు పుట్టిన తమ్ముడికి మూడేళ్లు నిండగానే పొయ్యి, గిన్నెలు కొనిపెట్టింది. వాడు ఇసుకతో అన్నం వండి గల్లీ అందరికీ వడ్డించాడు. ఈనాటికీ మా ఇంట్లో చారు వాడు పెడితేనే చారు. నేను పెట్టే చారు సంగతి ఇక్కడ ఎందుకులెండి.

అత్తది మాటకు మాట అప్పజెప్పే స్వభావం అనుకుంటారేమో, కాదు. చాలా తక్కువ మాట్లాడేది. ఆమెకు ఆ పట్టు ఎక్కడిదో చెప్పాలంటే ధర్మాబాద్ దగ్గరి మా ఊరు కర్ఖేలికి పోవాలి.

1952లో అత్తకు పదహారేళ్లు. తొలకరి పడిన వారానికే మా తాత కాలు విరిగి మంచాన పడ్డాడు. అత్తకు తమ్ముడైన మా బాపు వెంకటి అప్పటికి తొమ్మిదేళ్లవాడు. ఎవరి పొలం పనిలో వాళ్లున్నారు, మా పొలానికి వచ్చే మనిషి లేడు. అదును దాటిపోతోందని అత్త కొంగు బిగించి, మా ఎడ్లు కర్రోణ్ణీ తెల్లోణ్ణీ కట్టుకుని నాగలి పట్టింది. రెండు రోజులు దున్నింది. కర్రోడనే నల్ల ఎద్దు ఆమె మాటకే తిరిగేదట, ముల్లుకర్ర అక్కరే రాలేదట. మూడోనాడు ఊరి పెద్దలు ఇంటి ముందుకొచ్చి కూర్చున్నారు. ఆడది నాగలి పడితే వానదేవుడు అలుగుతాడని, ఊరంతా ఎండుతుందని అన్నారు. మా నానమ్మ ముత్తవ్వ వాళ్లతో ఒక్క మాటా అనకుండా నేరుగా పొలానికి పోయి, కూతురి చేతిలోంచి పగ్గం లాక్కుంది. "ఇంటికి నడువు. ఊరు మన మీద పడుతది" అంది. సగం దున్నిన పొలం ఆ ఏడు అట్లాగే బీడు పడింది. మరుసటేడు ఎడ్లనూ అమ్మేశారు.

ఆ తరువాత అత్తను ముఖేడ్‌లో ఇచ్చారు. నాలుగేళ్లకే మామ జబ్బుచేసి పోయాడు. అత్త కుట్టుమిషను ఒక్కటి వెంట తెచ్చుకుని, రైల్వేలో పోర్టరుగా చేరిన తమ్ముడి దగ్గరికి నాందేడ్ వచ్చేసింది. నానమ్మ కూడా మా దగ్గరే ఉండేది. తల్లీ కూతుళ్లు ఒకే పొయ్యి దగ్గర పన్నెండేళ్లు వండుకున్నారు, ఆ పగ్గం మాట మాత్రం ఇద్దరి నోటా రాలేదు. నాకు ఇదంతా బాపు చెప్పిందే.

అత్త గల్లీ ఆడవాళ్లకు రవికెలు కుట్టేది. దాంతోపాటు ఆదిశేషయ్య సేటు దుకాణానికి కొయ్య ఎడ్ల ఝూలలు కుట్టేది. ఝూల అంటే ఎడ్ల పండుగ పోలానాడు ఎద్దు వీపు మీద కప్పే అద్దాల గుడ్డ. ఆదిశేషయ్యది నిజామాబాద్ వైపు ఊరు. మంచివాడే, దైవభక్తి ఉన్నవాడు, వ్యాపారం తెలిసినవాడు. ఈ మూడూ ఒక్క మనిషిలో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఒకదాని కాలు ఒకటి తొక్కుతుంది.

పెద్ద కరువు దాటిన ఏడు, 1973. పల్లెల్లో ఎడ్లు చాలా వరకు అమ్ముడుపోయాయి. పోలా వస్తోంది, ఊరేగించడానికి ఎడ్లేవి? ఆదిశేషయ్య సరుకు కోసం నాగపూర్ పోయినప్పుడు అక్కడ పిల్లలు చక్రాల కొయ్య ఎడ్లను లాక్కుంటూ చేసే చిన్న పోలా చూశాడు. అదే నాందేడ్‌లో చేస్తే తన ఎడ్లన్నీ అమ్ముడవుతాయని ఆయనకు తోచింది. దుకాణం ముందు మరాఠీలో పెద్ద బోర్డు కట్టాడు: "ములాంసాఠీ బైల్, ములీంసాఠీ భాతుకలీ." మగపిల్లలకు ఎడ్లు, ఆడపిల్లలకు వంటాట సామాను. దుకాణంలో ఎద్దును కొన్న ప్రతి మగపిల్లవాడూ పండుగనాడు ఊరేగింపులో నడవవచ్చు.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. ఆ ఏడు అత్త కుట్టిన నలభై ఝూలలకు అద్దాలు అందించింది నేనే. నల్ల ఎద్దు ఒకటి ఉండేది, ఒక కొమ్ము కొంచెం వంకర. దాని ఝూల మీద పదకొండు అద్దాలు పెట్టించాను, మిగతావాటికి తొమ్మిదే. ఆ ఎద్దు కావాలని నేను మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. సిగ్గుపడకుండా చెబుతున్నాను, బొమ్మ కోసం అంత ఏడ్చినదాన్ని మళ్లీ దేనికోసమూ ఏడవలేదు.

అత్త నన్ను దుకాణానికి తీసుకుపోయింది. సేటు అడిగాడు, అత్త "ఎనిమిదేండ్లు" అంది. సేటు నన్ను చూసి నవ్వి, ఎడమవైపు అర మీద చెయ్యి పెట్టాడు.

"గా నల్ల ఎద్దు ఇయ్యి" అంది అత్త.

"పోరికి ఎద్దేంది బాయీ? వరసల ఆడపిల్ల ఉంటె మగపిల్లల తండ్రులు కొంటరా? నా యాపారం మునుగుతది."

పక్కింటి శాంతాబాయి అక్కడే ఉంది. అత్త చెవిలో మెల్లగా, "మారోతి కోసమని చెప్పరాదూ? మా పోరని పేరు మీద తీస్కపో" అంది.

"అబద్ధమాడి తెస్తె ఇది దాన్ని దాసుకోని ఆడాలె శాంతా. దాసుకొని ఆడే ఆట ఎందుకు?" అంది అత్త. నా చెయ్యి పట్టుకుని వచ్చేసింది.

ఆ రోజు నుంచి అత్త పని మొదలైంది. రవికె కొలతలకు ఏ ఇంటికి పోయినా చెప్పేది. మెడ చుట్టూ టేపు ఉన్నంతసేపు ఎవరైనా వినక తప్పదు కదా. "సేటు అడిగితె వయసే చెప్పుర్రి. ఏం ఆడాలెనో పిల్లలనే అడుగుర్రి." కొందరు నవ్వారు. కొందరు సరే అన్నారు. మూడు వారాలపాటు ఆ దుకాణంలో "అయిదేండ్లు", "ఏడేండ్లు" అనే జవాబులు వినబడుతూనే ఉన్నాయి. లాభం లేకపోయింది. సేటు పిల్లల జడలు చూసి ఎడమవైపు అరకే పోయేవాడు. పైగా అత్తకు కబురు పెట్టాడు: ఇట్లాగే చేస్తే వచ్చే ఏడు ఝూలలు వేరేవాళ్లు కుడతారని.

నానమ్మ మండిపడింది. "మల్ల మొదలువెట్టినవా? ఒకసారి చాలలేదా?"

అత్త మిషను ఆపలేదు. "అప్పుడు నేను ఇడిసిపెట్టిన. గిప్పుడు అడిగేది పిల్ల" అంది. పన్నెండేళ్లలో ఆ ఇంట్లో ఆ సంగతి రావడం అదే మొదలు. నానమ్మ లేచి పెరట్లోకి పోయింది, చాలాసేపు రాలేదు.

పోలాకు ముందురోజు ఒక ఆచారం ఉంది. రైతులు ఎడ్ల భుజాలకు నెయ్యీ పసుపూ రాసి, ఏడాదంతా కాడి మోసిన నొప్పి తీసి, మరునాడు పోలెలు, అంటే బొబ్బట్లు, తినడానికి రమ్మని పిలుస్తారు. ఆ పిలుపునే ఆవతణం అంటారు. ఆవతణం అందుకున్న ఎద్దు రేపు ఆ ఇంటి ముందుకు వచ్చి తీరాలి, తిని తీరాలి. ఆ ఎద్దును ఉపవాసం ఉంచిన పాపం ఏ నీళ్లతో కడిగినా పోదని నమ్మకం.

ఆదిశేషయ్య చేసిన పొరపాటు ఆ ముందురోజు పొద్దున్నే జరిగింది. గిరాకీ పెంచాలని అయ్యగారిని పిలిపించి, అర మీది ఎడ్లకు బొట్లు పెట్టించి, మంత్రాలు చదివించాడు. "ఇవి ఆటబొమ్మలు కావు, పూజ చేసిన నందులు" అని బజారంతా వినేలా అరిచాడు.

ఆ మాట మా ఇంటిదాకా వచ్చింది. అత్త మిషను ఆపేసింది. గిన్నెలో నెయ్యి పోసి, పసుపు కలిపి, "నడువు భాగ్యా" అంది.

సాయంత్రం దుకాణం కిక్కిరిసి ఉంది. అత్త నన్ను స్టూలు మీదికి ఎక్కించింది. నేను నల్ల ఎద్దు భుజాలకు నెయ్యి రాశాను. సగం నెయ్యి ఝూల మీద పడింది. అత్త చెప్పినట్టే గట్టిగా అన్నాను: "ఆజ్ ఆవతణ్ ఘ్యా, ఉద్యా జేవాయలా యా." ఈ రోజు పిలుపు అందుకో, రేపు భోజనానికి రా.

దుకాణంలో ఉన్నవాళ్లంతా మా వైపు తిరిగారు.

"ఏం జేసినవ్ ఇందుబాయీ?" అన్నాడు సేటు.

"ఆవతణం ఇచ్చినం. రేపు మా ఇంట్ల పోలెలు."

"గది కట్టె ఎద్దు!"

"పొద్దుగాల నంది అన్నవ్ గద సేటూ. నంది అయితె ఆవతణం అందుకున్నది, పంపాలె. కట్టె అయితె, కట్టెను ఆడపిల్లకు ఇస్తె ఏం బోతది? ఏదో ఒకటి చెప్పు."

ఎవరో పకపకా నవ్వారు. సేటు మాత్రం నవ్వలేదు. నంది కాదంటే పొద్దుటి పూజ అబద్ధం, నంది అంటే ఆపడం పాపం. ఇంతలో శాంతాబాయి తన కూతుర్ని ముందుకు తోసింది. ఆ పిల్ల మా గిన్నెలోనే వేలు ముంచి తెల్ల ఎద్దు భుజానికి రాసింది. తరువాత ఇంకొక తల్లి, ఇంకొక పిల్ల. టేపు కింద విన్న మాటలు వాళ్లందరికీ గుర్తున్నాయి. మొత్తం ఏడు ఎడ్లకు ఆడపిల్లల ఆవతణం అందింది.

ఆదిశేషయ్య రెండు చెవులూ పట్టుకుని దేవుడి పటం వైపు తిరిగి దండం పెట్టుకున్నాడు. ఏడు ఎడ్లనూ దించి, నల్లదాన్ని నా చేతికిచ్చాడు. "తీస్కపో బిడ్డా, కడుపు నిండ పెట్టు" అని, అత్త వైపు చూడకుండా, "వచ్చే ఏడు ఝూలలు నువ్వు కుట్టకు" అన్నాడు.

"కుట్టను" అంది అత్త. ఆ పని అట్లాగే రెండేళ్లు పోయింది. నాకు ఆ మనిషి మీద ఇప్పటికీ కోపం ఉంది, ఆ "కడుపు నిండ పెట్టు" అన్న మాట తలుచుకుంటే తగ్గుతుంది.

మరునాడు ఊరేగింపులో ముప్ఫై మంది మగపిల్లలు, ఏడుగురం ఆడపిల్లలం. ఒక తండ్రి తన కొడుకును వరసలోంచి లాక్కుపోయాడు. కొడుకు ఏడ్చుకుంటూ మళ్లీ పరుగెత్తుకొచ్చాడు. ఆ సాయంత్రం వాన పడిందా అని అడుగుతారేమో, నేను చెప్పను. పడిందంటే మా గొప్ప అంటారు, పడలేదంటే మా పాపం అంటారు.

నల్ల ఎద్దును లాక్కుంటూ మా ఇంటి ముందుకు వచ్చాను. నానమ్మ గడపలో నిలబడి ఉంది. చెంబుతో నీళ్లు తెచ్చి, నిజం ఎద్దు కాళ్లు కడిగినట్టే కొయ్య చక్రాలు కడిగింది. బొట్టు పెట్టింది, హారతి ఇచ్చింది, పోలె తుంచి దాని మూతికి తాకించింది. మా వైపు పోలాలో ఆడవాళ్ల వంతు అంతవరకే. కాళ్లు కడగొచ్చు, హారతి ఇవ్వొచ్చు, పగ్గం మాత్రం మగవాళ్ల చేతిలోనే ఉంటుంది.

నానమ్మ హారతి పళ్లెం కింద పెట్టి, నా చేతిలోని పగ్గం తీసుకుంది. లాక్కుంటోందనుకున్నాను.

ఆమె పగ్గం పట్టుకుని, తలుపు పక్కన నిలబడ్డ అత్త దగ్గరికి పోయింది.

"కర్రోని పగ్గం నీ చేతిలకెల్లి గుంజుకున్నది గీ చెయ్యే బిడ్డా" అంది. "పట్టుకో."

అత్త పట్టుకోలేదు, ఏడ్చింది. ముప్ఫై ఏడేళ్ల మనిషి గడప మీద కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చింది. నానమ్మ అట్లాగే చెయ్యి చాపి నిలబడింది, దించలేదు. కొంతసేపటికి అత్త కొంగుతో ముఖం తుడుచుకుని, లేచి, పగ్గం అందుకుంది.

వాకిట్లోంచి గల్లీ చివరిదాకా ఆ కొయ్య ఎద్దును నడిపించుకుంటూ పోయి, మళ్లీ తిరిగి వచ్చింది. మలుపు దగ్గర నెమ్మదిగా "తిరుగురా కర్రోడా" అనడం విన్నాను. నేను పక్కనే నడిచాను. ఎద్దు నాదే, కానీ ఆ పూట నేను పగ్గం అడగలేదు.