ఎలుగుబంటికి ఇచ్చిన నడక

ఇందులో ప్రతి మాటా నిజం. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లలో నా మాట నమ్మేవాళ్లు తక్కువని తెలుసు కనుక, చర్చిలో మా ఇంటివాళ్లు తాతల నాటినుంచీ కూర్చునే బెంచీ మీద చెయ్యి వేసి మరీ చెబుతున్నాను.

మొన్న గోల్‌బజార్‌లో చేపలు కొనుక్కుని వస్తూ, టీవీల కొట్టు ముందు నేనెక్కిన టోటో రిక్షా ఆగితే తల తిప్పి చూశాను. అద్దం వెనక అన్ని తెరల మీదా మా పిల్లల బొమ్మల ఎలుగుబంటే నడుస్తోంది. అదే టిఫిన్ క్యారేజీ, అదే బొజ్జ. నడక మాత్రం అది కాదు. నూనె పూసిన నేల మీద జారినట్టు, రెండు కాళ్లూ సమానంగా వేసుకుంటూ పోతోంది. టోటో కదిలాక కూడా నా మెడ వెనక్కే ఉండిపోయింది.

ఆ పాత నడక మా అన్నయ్యది. అన్నయ్య రైల్వేలో గ్యాంగ్‌మన్. పొద్దస్తమానం పట్టాల వెంట నడిచి బోల్టులు చూసుకునే పని. పట్టాల కింది దుంగల మధ్య ఎడం ఏ మనిషి అడుగుకీ సరిపోదని మన తరం రైల్వే పిల్లలకు నేను చెప్పాలా? దుంగకొక అడుగు వేస్తే పొట్టిదైపోతుంది, ఒకటి వదిలి వేస్తే కాళ్లు చీలిపోతాయి; అందుకని అన్నయ్య ఒక పొట్టి అడుగూ ఒక బారు అడుగూ వేసుకుంటూ పోయేవాడు, పోగా పోగా అది ఒంట్లోకి దిగిపోయి, మా పేట ఝపటాపూర్ సందుల్లో తారు రోడ్డు మీద కూడా కనపడని దుంగలేవో దాటుతున్నట్టే నడిచేవాడు. పెళ్లినాడు వదిన చెయ్యి పట్టుకుని చర్చి మెట్లు దిగినప్పుడూ అదే నడక. "ఏటిది, నన్ను కూడా పట్టాల మీద నడిపించీసినారేటి?" అని వదిన అందరి ముందూ అనేసింది.

అన్ని రైళ్ల మధ్య తిరిగిన మనిషిని రైళ్లేమీ చెయ్యలేదు, పచ్చకామెర్లు పట్టుకుపోయాయి.

అప్పటికి నేను కలకత్తాలో పిల్లల టీవీ బొమ్మలకు కథలు రాస్తూ, వాటిని గడులు గడులుగా గీసి ఇచ్చేవాణ్ణి. దాన్నే స్టోరీబోర్డు అనేవాళ్లం. మా ఎలుగుబంటి కొండ మీంచి పడ్డా సరే, తరవాతి గడిలో దుమ్ము దులుపుకుని లేవాలి. అది మా నియమం. అన్నయ్యని మట్టిలో పెట్టి తిరిగివెళ్లిన వారం, అలా లేచిన ఎలుగుబంటి నా పెన్సిలు కింద ఒక పొట్టి అడుగు, ఒక బారు అడుగు వేసింది. నేను ఆపలేదు.

ఎలుగు కుంటుతోందేమిటని మేమంతా దాదా అని పిలిచే మా బెంగాలీ డైరెక్టరు మొదట కొట్టిపారేశాడు. మేదినీపూర్ అడవిలో చెట్టెక్కి కూర్చుని చూసొచ్చాననీ, కడుపు నిండితే ఎలుగుబంట్లు ఇలాగే నడుస్తాయనీ, ఒకటైతే నన్ను బీడీ కూడా అడిగిందనీ చెప్పాను. బీడీ సంగతి నమ్మలేదు కానీ నడక ఉంచేశాడు.

అది టీవీలో మొదటిసారి వచ్చిన రోజు పరుగున ఇంటికొచ్చాను. అమ్మ మంచం మీద కూర్చుంది, వదిన గుమ్మంలో ఉల్లిపాయలు ఒలుస్తోంది. ఎలుగుబంటి నడిచింది. అమ్మ లేచి వెళ్లి, తెర మీద అరచెయ్యి ఆనించి, "నా పెద్దోడు ఇంటికొచ్చీసినాడ్రా" అంది.

ఆ నడకను కొన్నేళ్లు కాపాడుకున్నాను. తరవాత కంపెనీ చేతులు మారింది, పెన్సిలు పట్టినవాళ్లం ఇళ్లకు వచ్చేశాం. అమ్మ వెళ్లి అన్నయ్య పక్కనే పడుకుంది.

ఇక ఆ బెంచీకి జవాబు చెప్పుకోవాలి. అమ్మ తెర మీద చెయ్యి పెట్టలేదు. అది నేను అల్లింది. ఎందరికో చెప్పి చెప్పి నాకే నిజమనిపించేది. నిజానికి అమ్మ ఆ నడక చూసి, అన్నయ్య పోయాక మొదటిసారి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఏటి నడకరా అది! మనిసన్నోడెవుడైనా అలా నడుత్తాడేట్రా?" అంది. కళ్లు తుడుచుకుని, "మన పెద్దోడు సూసుంటే పడీపడీ నవ్వీవోడు" అంది.

నేను వదిన వైపు చూశాను. ఆవిడ ఉల్లిపాయలు ఒలవడం ఎప్పుడో ఆపేసింది.

ఇప్పుడా నడక రోడ్డు మీదా లేదు, తెర మీదా లేదు. మొన్నటి చేపలు వదినకే తెచ్చాను. నోరు తెరిస్తే కథ చెప్పే నేను, టీవీల కొట్టు మాట మాత్రం చెప్పలేదు.