ఆమేన్ అనేశాక

కువైట్‌లోని ఫహాహీల్‌లో బస్సెక్కితే పక్క సీట్లో తెలుగావిడ. పేరు మరియమ్మ, ఊరు అమలాపురం దగ్గర, పని ఒక కువైటీ ఇంట్లో. వచ్చే నెల పని మానేసి ఇంటికి వెళ్ళిపోతోందట. ఆ సంతోషం మాత్రం మొహంలో లేదు. ఏమైందని అడిగాను.

"నిన్న మా ఇంటావిడ, ఆవిణ్ణి మామా అని పిలుస్తానండి, నా తల మీద చెయ్యేసి ఏదో దువా, అదే వాళ్ళ ప్రార్థన, చేసిందండి. ఆఖర్న ఆమీన్ అంది. మన చర్చి మాటే కదాని నేనూ ఆమేన్ అనేశానండి. తర్వాత వాళ్ళమ్మాయి నవ్వుతా చెప్పింది. 'నేను బతికున్నన్నాళ్ళూ ఈ పిల్ల నా దగ్గరే ఉండాలి' అని అడిగిందంటండి."

తెలిసింది చెప్పకుండా ఉండలేను కదా! ఆమేన్ అసలు హీబ్రూ మాటనీ, 'అలాగే జరుగుగాక' అని అర్థమనీ చెప్పాను. చెప్పాక నాకే గుండె జారింది. తథాస్తు దేవతలకు భయపడి పెరిగినదాన్ని.

"ఊరికే అన్న మాటకి ఏమీ కాదులెండి" అన్నాను.

మరియమ్మ నా వైపు తిరిగింది.

"నా టిక్కెట్టు కొనేశారు కదండి. మరి ఆ మాట జరగాలంటే, నేనెళ్ళేలోగా మామాకేమన్నా అయిపోద్దేమోనండి?"