మునెమ్మ మూడో శాంపిల్

1927 వేసవిలో నేను వేలూరులోని ఒక ఆస్పత్రి లేబరేటరీలో అసిస్టెంటుగా ఉన్నాను. గుడియాత్తంలోని ఒక నేతవీధి నుంచి నెల తిరక్కుండానే నలుగురు టైఫాయిడ్‌తో వచ్చి చేరారు. అది ఎక్కడి నుంచి అంటుకుంటోందో చూసి రమ్మని డాక్టరుగారు నన్ను పంపారు.

బావినీళ్ళలో ఏమీ దొరకలేదు. నలుగురూ పొద్దున్నే, ఆ వీధిలో అంబలి అమ్మే మునెమ్మ చేత్తో పిసికి మజ్జిగ పోసి ఇచ్చే అంబలి తాగేవాళ్ళని తెలిసింది. ఆమె వితంతువు. నలభై ఐదేళ్ళుంటాయి, మనిషి గట్టిగానే ఉంది. కొన్నేళ్ళ కిందట నెలరోజులు జ్వరంతో మంచం పట్టిందట. టైఫాయిడ్ వచ్చినవాళ్ళలో కొందరు కోలుకున్నాక కూడా ఆ క్రిములను కడుపులో మోస్తూ తిరుగుతారు. వాళ్ళను కేరియర్ అంటాం. మలం శాంపిల్ అడిగాను.

“నాకేం రోగం లేదే నాయనా. వీధిలో తెలిస్తే నా అంబలి ఎవురు తాగుతారు?” అంది.

“లేదని తేలితే నీకే మంచిది గదమ్మా.”

ఇచ్చింది. లాక్టోజ్ అనే పాలచక్కెర కలిపి క్రిములను పెంచే మీడియం మీద పేగుల్లోని మామూలు క్రిములు ఎర్రటి చుక్కలుగా పెరుగుతాయి, టైఫాయిడ్ క్రిములకు రంగు రాదు. మునెమ్మ ప్లేటు నిండా ఎరుపే. “టైఫాయిడ్ క్రిములు లేవు” అని రాసి పంపాను. ఆమె మళ్ళీ అంబలి కుండ ముందు కూర్చుంది.

నెల దాటాక ఆమె తమ్ముడి కూతురు కుప్పమ్మను టైఫాయిడ్‌తో మా ఆస్పత్రికి తెచ్చారు. మగ్గం పనికని వచ్చి అత్త ఇంట్లోనే ఉంటున్న పిల్ల. పదహారేళ్ళు. జ్వరం మూడో వారంలో పేగుకు చిల్లుపడి చనిపోయింది.

“కేరియర్ కడుపులోంచి క్రిములు రోజూ బయటపడవు. ఎన్ని శాంపిళ్ళు చూశావు?” అని డాక్టరుగారు అడిగారు.

“ఒకటేనండీ.”

మునెమ్మ దగ్గర రోజు విడిచి రోజు మరో రెండు తీసుకున్నాను. మూడోదాంట్లో, ఎరుపు మధ్య, రంగులేని చుక్కలు కనిపించాయి. టైఫాయిడ్ క్రిములను గుర్తుపట్టే సీరంతో కలిపితే అవి ఒకదానికొకటి అంటుకుని గుంపులు కట్టాయి. సందేహం లేదు.

చెప్పడానికి నేనే వెళ్ళాను.

“మునుపు లేదని రాసిస్తివే?” అంది మునెమ్మ.

“ఆ పొద్దు నాకు కనిపించలేదమ్మా. లేదని రాయడం నా తప్పు.”

తన చేతుల వంక చూసుకుంది. “అయితే కుప్పమ్మకు నా చేతినించే పోయినాదా?”

“పోయి ఉండొచ్చు. నీకు తెలియదు గదా.”

“నాకు తెలీదప్పా. తెలుసుకోవాల్సింది నువ్వు గదా.”

ఇకమీదట వండి ఎవరికీ పెట్టొద్దని చెప్పి వచ్చాను.

ఆమె అంబలి మానేసి నేతవాళ్ళకు నూలు కండెలు చుట్టుకుని బతికింది. ఆ తర్వాత నేను ఏ రిపోర్టులోనూ “లేవు” అని రాయలేదు. “ఈ శాంపిల్‌లో కనిపించలేదు, మరో రెండు పంపండి” అని రాసేవాణ్ణి. మునెమ్మకు చదువు రాదు. ఏటా శాంపిళ్ళు తానే తెచ్చిచ్చి, రిజల్టు నా చేత చదివించుకునేది. “కనిపించలేదు” అని చదివిన ప్రతిసారీ ఒకటే అడిగేది: “నిజంగా లేదా నాయనా, లేకుంటే నీకు కనపళ్ళేదా?”