తడవని చొక్కా

మా బావ త్రిమూర్తులు చనిపోయి పద్నాలుగు నెలలైంది. రాజోలు దగ్గర తాపీపని మానుకుని వచ్చి, దుబాయ్ జెబెల్ అలీలో ఒకే కాంక్రీటు పైపుల యార్డులో పదకొండేళ్లు చేశాడు. అన్నేళ్లలో ఆయన్ని ఎవరూ పనిదొంగ అనలేదు. 2022 వేసవిలో అన్నారు. ఆ మాట పోగొట్టుకోవాలన్న ఆరాటం ఆయన్ని పడుకోనివ్వలేదు, తిననివ్వలేదు.

జూన్‌లో ఒక సాయంత్రం ఫోర్‌మన్ దయాకర్, పని దిగాక నిలబడ్డ వరసలో ఆయన ముందు ఆగాడు. జగిత్యాల వాడు, బావకన్నా ఎనిమిదేళ్లు చిన్న.

"ఏంది త్రిమూర్తులూ! అందరి అంగీలు పిండితే బకెట్ నిండుతది. నీదేమో ఇస్త్రీ జేసి తెచ్చినట్టున్నది. పొద్దుగాల్నుంచి ఏడ పన్నవ్?"

అందరూ నవ్వారు. బావ మెడ తడుముకున్నాడు. పొడిగా ఉంది.

ఆదివారం నేనుండే సత్వా నుంచి బావ వాళ్ల కార్మికుల క్యాంపుకు వెళ్తే, గదిలో అటూ ఇటూ తిరుగుతూ, మంచాల కడ్డీలు పట్టుకుంటూ చెప్పాడు.

"నిలబడితే కళ్లు బైర్లు కమ్ముతున్నాయిరా ప్రసాదూ. నోరంతా పిడచకట్టుకుపోతంది. సెమట సుక్క రాదు. ఆడు అందరి ముందూ అలా అంటే ఏం సెప్పను?"

"క్లినిక్‌కి పోదాం బావా."

"పోతే ఒంట్లో బాలేదని ఇంటికి పంపేత్తారు. పనిదొంగన్న పేరుతోటా పోవడం?"

ఆయన్ని నవ్విద్దామని అన్నాను. "పైపులకి నీళ్లు కొట్టే గొట్టం ఉందిగా. చొక్కా మీద కూడా కొట్టేసుకో. దయాకర్‌కి కావాల్సింది తడే కదా!"

ఆయన నిజంగానే ఆ పని చేశాడు. గంటకోసారి చాటుగా గొట్టం కింద నిలబడి వచ్చేవాడు. దయాకర్ నోరు మూతపడింది. బావ కూడా కాస్త తేలికపడ్డాడు. ఎందుకో మాకప్పుడు తెలియలేదు.

జూలై రెండో వారంలో దొరికిపోయాడు.

"నీళ్లు పోస్కొని చెమట అని సూపిస్తున్నవా? ఖలాస్. రేపట్నుంచి కడ్డీల కాడ చెయ్. ఆడ గొట్టం లేదు."

పైపుల్లో వేసే ఇనప కడ్డీలు కట్టే చోట రెండో రోజు, మధ్యాహ్నం విరామానికి ఇంకా అరగంట ఉందనగా పడిపోయాడు. అంబులెన్సులోకి ఎత్తినవాళ్లు తర్వాత చెప్పారు, ఒళ్లు పెనంలా కాలుతోందట, ఎక్కడా చెమ్మ లేదట.

ప్రాణం దక్కింది. ఆసుపత్రిలో ఆయన్ని చూసిన డాక్టర్ వైదేహి విజయవాడ ఆవిడ. రక్తం తీసి పరీక్షకు విదేశానికి పంపారు. ఫలితం వచ్చేదాకా మూడు వారాలు బావ క్యాంపులోనే మంచం మీద దొర్లాడు. మళ్లీ ఆసుపత్రికి వెళ్లిన రోజు కంపెనీ తరఫున కాగితాలు తీసుకోవడానికి దయాకరే వచ్చాడు. గోడకు ఆనుకుని, ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు.

"వెన్నుపాము నుంచి బయల్దేరిన ఆజ్ఞ నేరుగా చెమట గ్రంథికి చేరదు" అని డాక్టర్ మొదలుపెట్టింది. "దారిలో, వెన్నెముక పక్కన నరాల ముడులుంటాయి. ఒక్కో ముడిలో ఎన్నో కణాలు. ఒక్కో కణానికి చాలా తీగలు వచ్చి తగులుతాయి. వాటిలో బలమైన తీగ ఒక్కటి కదిలించినా చాలు, కణం స్పందిస్తుంది. మిగతావి బలహీనం. విడివిడిగా ఏమీ చేయలేవు. కానీ రెండు ఒకే క్షణంలో తగిలితే వాటి బలం కలిసి, కణం ఇంకోసారి స్పందిస్తుంది. అందుకే ముడిలోకి వచ్చే సంకేతాలకన్నా బయటికి వెళ్లేవి ఎక్కువగా ఉండగలవు."

"మరి నాకేటయిందండీ?"

"రోగాలతో పోరాడాల్సిన పదార్థాలే మీ ఒంట్లో ఆ కణాలు సంకేతం అందుకునే చోటును మూసేశాయి. ఆజ్ఞ వస్తూనే ఉంది. ముడి దగ్గర పెరగాల్సింది పోయి, అక్కడే ఆగిపోతోంది."

"పైన ముదీర్, అదే మేనేజరు, సెప్పింది మద్దెలో ఫోర్‌మన్ కాడ ఆగిపోయినట్టు" అన్నాడు బావ. దయాకర్ ఫోన్ జేబులో పెట్టేశాడు.

"అసలు ఆ ఎండలో నెల రోజులు ఎలా తట్టుకున్నారు?"

బావ తల వంచుకుని గొట్టం సంగతి చెప్పాడు.

"ఆ నీళ్లే మిమ్మల్ని కాపాడాయి. మీ ఒళ్లు చేయలేని పని అవి చేశాయి."

దయాకర్ కిందికి చూశాడు. "నేను దొంగతనం అనుకున్న మేడం."

డాక్టర్ బావను పది నిమిషాలు పడుకోబెట్టి, చేతికి బీపీ పట్టీ చుట్టింది. పై అంకె నూట ముప్పై నాలుగు. లేచి నిలబడమంది. తొంభై ఆరు. ఇంకో నిమిషానికి డెబ్బై ఎనిమిది. నాడి మాత్రం డెబ్బై రెండు దగ్గరే ఉంది.

"మామూలుగా అయితే ఈపాటికి రక్తనాళాలు బిగుసుకుని, గుండె వేగం పెరగాలి. ఈయనకు ఆ ఆజ్ఞలేవీ చేరడం లేదు" అంది. దయాకర్ యంత్రం మీదికి వంగాడు. బావ పెదాలు తెల్లబడ్డాయి.

"కూసో అన్నా, కూసో. నేను జూసిన" అన్నాడు దయాకర్.

బావ మంచం కడ్డీని గట్టిగా పట్టుకున్నాడు. నేను భుజం మీద చెయ్యి వేస్తే విదిలించుకున్నాడు.

"ఇంకోపాలి నొక్కండి మేడంగారూ" అన్నాడు. "ఆయన సరిగ్గా సూడలేదు."