సర్బత్‌లో కలిసిన సబ్జా

మట్టి కింద పడ్డ గింజను మనం మరిచిపోయినా తాను మరువని అల్లాహ్‌కే సకల స్తుతులు. బీటలు వారిన నేలకు వానతో ప్రాణం పోసేవాడు ఆయన. ఆ నేలలో మనం పడుకోబెట్టి వచ్చినవాళ్లను తిరిగి లేపేవాడూ ఆయనే. ఈ మాట చిన్నప్పుడు మదరసాలో నేర్చుకున్నాను. ఇప్పుడు తెల్లవారుజామున ఫజర్ నమాజ్ అయ్యాక మా మసీదు జమాత్ పిల్లలకు నేర్పుతున్నాను. నేర్చుకోవడానికీ నేర్పడానికీ నడుమ, దాన్ని నమ్మడం అనేది ఒకటుంది. అది నాకు మా పెరట్లో తెలిసింది.

మాది ఉదయగిరి. కొండకింద ఇల్లు. చెక్క గరిటెలు చెక్కి బతికినవాణ్ణి. నా భార్యది ఆత్మకూరు. పెళ్లయి మా ఇంటికి వచ్చిన రోజు ఆమె ఓణీ కొంగున చిన్న ముడి ఉండింది. బంగారమేమో అనుకున్నాను. విప్పితే సబ్జా విత్తనాలు. వాళ్లమ్మ కట్టి పంపించింది.

సబ్జా అంటే వేసవిలో సర్బత్‌లో వేసుకునే నల్లటి గింజలే. వాటిని విత్తితే తులసిలాంటి మొక్క వస్తుంది. అంగట్లో కొన్నవీ మొలుస్తాయి, కానీ వాళ్ల పుట్టింటి మొక్క దారి వేరు. ఆకు నలిపితే ముందు లవంగం వాసన, దాని వెనక నిమ్మతొక్క వాసన. ఊదారంగు వెన్నులు వేసేది. సాయంత్రం నీళ్లు చల్లితే వీధి గుమ్మం దాకా ఆ వాసన వచ్చేది. మల్లెల మధ్య కలిపి కట్టుకోవడానికి ఇరుగుపొరుగు ఆడవాళ్లు అడిగి తీసుకుపోయేవాళ్లు.

ఒక్క ఏడాది మొక్క అది. పూసి, గింజ పట్టి, ఎండిపోతుంది. మళ్లీ కావాలంటే మళ్లీ విత్తాలి. ఆమె ఒక చెట్టును మాత్రం ఎవరినీ తాకనిచ్చేది కాదు, అది విత్తనం చెట్టు. వెన్ను గోధుమరంగు తిరిగాక, ఎండ పడకముందే కోసేది. ఎండెక్కితే గింజ రాలిపోతుందట. అరచేతుల మధ్య నలిపి, చేటలో చెరిగి, నేను మా కొండ మీది నర్ది చెక్కతో చేసిచ్చిన డబ్బాలో పోసి, బీరువా మీద తను నమాజ్‌కు పరుచుకునే జానమాజ్ పక్కన పెట్టేది. విత్తేటప్పుడు బిస్మిల్లా అని, ఇసుకలో కలిపి పైపైన చల్లి, తడి గోనె కప్పేది. మొలక కనబడేదాకా చెంబుతో పోసేది కాదు, చేత్తో చిలకరించేది.

ఒంట్లో బాగాలేని రోజుల్లో ఒకనాటి సాయంత్రం ఆ మడి పక్కనే కూర్చుని అన్నది: "నా ఖబర్ మీద ఇవే చల్లు. అంగట్లోవి తేబాకు."

"ఎవురు ముందు పోతారో నీకేం తెలుసు?" అన్నాను.

"నువ్వు మొండోడివి. నీకు అంత తొందరగా పిలుపు రాదులే."

మా వైపు ఖబర్ మీద, అంటే సమాధి మీద, సబ్జా చల్లడం పాత అలవాటు. పచ్చని మొక్క ఉన్నంతకాలం అది దేవుణ్ణి స్తుతిస్తూనే ఉంటుందని, ఆ చల్లదనం కిందున్నవాళ్లకు తగులుతుందని పెద్దలు చెప్పేవాళ్లు. నేను సరే అన్నాను. ఆమెకు ఇచ్చిన ఆఖరి మాట అది.

చలికాలంలో ఆమె వెళ్లిపోయింది. కొత్త ఖబర్ మీద వెంటనే విత్తరు. ఒక వానాకాలం తడిసి మట్టి కుంగాలి, మళ్లీ మట్టి పోసి సరిచేయాలి, అప్పుడు చల్లాలి. నేను ఎదురుచూశాను. ఈలోగా పెరట్లో మొక్కలకు నీళ్లు పోయాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. విత్తనం చెట్టుతో సహా అన్నీ ఎండిపోయాయి. మిగిలింది ఆ డబ్బా ఒక్కటే. బీరువా మీద ఎలుకలు తిరుగుతున్నాయని దాన్ని తీసి వంటింటి అలమరలో, జీలకర్ర డబ్బాల వెనక పెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

అంతలో రంజాన్ వచ్చింది. ఎండలు అప్పటికే ముదిరాయి. మా మసీదులో ఇఫ్తార్‌కు రోజుకో ఇంటివాళ్లు సర్బత్ పంపుతారు. మా వంతు రోజున కోడలు నన్నారి సర్బత్ కలిపి పెద్ద స్టీలు గిన్నెతో పంపింది. పొద్దు గూకింది, అజాన్ అయింది. ఖర్జూరం తిని గ్లాసు ఎత్తాను. రోజంతా దాహంతో ఉన్న గొంతులోకి ఆ చల్లని గింజలు జారుతుంటే ప్రాణం లేచి వచ్చింది. పక్కన కూర్చున్న నా ఈడు వాడు, నాతోపాటే చెక్కపని నేర్చినవాడు, రెండో గ్లాసు ముంచుకున్నాడు.

"మీ కోడలి చెయ్యి భలే చెయ్యిరా. సబ్జా ఇంత బాగా ఏసినోళ్లను చూళ్లా."

"మా ఇంటి ఆడోళ్లు దేంట్లోనూ పిసినారోళ్లు కాదులేరా," అన్నాను గర్వంగా.

మగ్రిబ్ నమాజ్ చదివి ఇంటికి వచ్చాను. వంటింటి గట్టు మీద నర్ది చెక్క డబ్బా కడిగి బోర్లించి ఉంది.

కోడలు ఎదురొచ్చి, "అందరికీ నచ్చిందా అబ్బాజాన్?" అని అడిగింది.

ఆ తర్వాత నేను అన్న మాటలన్నీ ఇక్కడ రాయలేను. ఒకటి రాస్తాను, ఎందుకంటే దాచుకోవడం నాకు మంచిది కాదు. "మీ అత్త పోయిందని నీకు సంతోషంగా ఉండాదా?" అన్నాను. ఉపవాసం విడిచిన నోటితో అన్నాను. కోపాన్ని మింగేవాణ్ణి దేవుడు ప్రేమిస్తాడని ఆ పొద్దునే పిల్లలకు చెప్పిన నోటితో అన్నాను.

ఆ పిల్ల మెల్లగా, "అలమరలో ఉండాది కదా అని ఏసినాను. అత్త దాచిన విత్తనం అదేనని నాకు తెలీదు," అంది. అక్కడ పెట్టింది ఎవరని నన్ను అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

మర్నాడు బస్సెక్కి ఆత్మకూరు పోయాను. పుట్టింటి పెరట్లో ఒక్క మొక్కయినా మిగిలి ఉంటుందని ఆశ. నా బావమరిది గేటు తీశాడు. పెరడంతా సిమెంటు. దాని మీద రెండు మోటారు సైకిళ్లు.

"సబ్జానా దూలాభాయ్? ఆ చెట్లన్నీ ఎప్పుడో పీకేసినాం. బజార్లో గంపలకొద్దీ ఉండాది, ఎంత కావాలో చెప్పు."

"అది కాదులే."

"ఏంది, అక్క మీద ఒట్టేసుకున్నట్టు మొహం పెట్టినావు?"

చెప్పాను. అతను నవ్వడం ఆపాడు. సిమెంటు అంచున పగుళ్లన్నీ ఇద్దరం వంగి వెతికాం. గరిక తప్ప ఏమీ లేదు. ఇంటికి తిరిగి వచ్చేదాకా బస్సులో తస్బీ పూసలు తిప్పుతూనే ఉన్నాను. నాలుక స్తుతి పలుకుతోంది, లోపల మాత్రం ఆమెకు ఏం జవాబు చెప్పాలా అనే ఉంది.

ఆ తర్వాత కోడలు నాకు ఎప్పటిలాగే తెల్లారకముందు సహరీకి అన్నం పెట్టింది, ఇఫ్తార్‌కు పళ్లు కోసింది. నేను ఆమె మొహంలోకి చూడలేదు. ఏడోనాడో ఎనిమిదోనాడో, పిల్లలకు పాఠం చెప్పి వచ్చి చెప్పులు విడుస్తుంటే పిలిచింది.

"అబ్బాజాన్, ఒకసారి పెరట్లోకి రండి."

బట్టలుతికే బండ పక్కన తడి గోనె పరిచి ఉంది. ఒక చివర ఎత్తింది. కింద బంక పట్టిన నేల, చుట్టూ ముగ్గుపిండి గీత, ఆ మధ్యలో అక్కడక్కడా రెండేసి ఆకుల మొలకలు. వేలి గోరంత కూడా లేవు.

"మీకంటే ముందే మసీదు నుంచి గిన్నె వచ్చింది, అడుగున కొంచెం మిగిలుంటే ఈడ కుమ్మరించినాను ఆ పొద్దు. మీరు అరిచినాక గుర్తొచ్చింది. అత్త కప్పినట్టు గోనె కప్పినాను. తీపికి చీమలు చాలా తీసుకుపోయినాయి. ముగ్గు గీసినాక తగ్గినాయి."

"నాకెందుకు చెప్పలేదు?"

"మొలవకపోతే మళ్లీ తిడతారని."

అది నవ్వుతూ అన్నదో, నిజంగా అన్నదో తెలియదు. నేను ఆ బండ మీద కూర్చుండిపోయాను. డబ్బా అక్కడ పెట్టింది నేనేనని, తప్పు నాదేనని, నన్ను మాఫ్ చేయమని అడిగాను. కోడలిని మామ ఆ మాట అడగడం మా ఇళ్లలో చూసినవాణ్ణి కాను. ఆమె గోనె మళ్లీ కప్పి, "ముందు కాళ్లు తియ్యండి అబ్బాజాన్, ఆ మూల తొక్కుతున్నారు," అంది.

ఆ మొలకల్లో అయిదు బతికాయి. రోజూ ఆమె చిలకరించింది, నేను కలుపు తీశాను. ఆకు పెద్దదయ్యాక నలిపి చూశాను. లవంగం వాసన వచ్చింది. దాని వెనక నిమ్మతొక్క వచ్చిందా, రావాలని నేను అనుకున్నానా, ఖచ్చితంగా చెప్పలేను. వెన్నులు ఎండాక కోడలు ఎండ పడకముందే కోసింది, నేను చెరిగాను. పెద్ద వానల తర్వాత ఖబర్ మట్టి సరిచేసి బిస్మిల్లా అని చల్లాను. మిగిలినవి ఆ డబ్బాలోనే పోసి, కోడలి చేతికిచ్చాను. ఎక్కడ పెట్టాలో ఆమె ఇష్టం.

ఆ రోజు మా జమాత్ అంతా తాగిన సర్బత్ గురించి ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. నా భార్య ఏళ్లతరబడి కాపాడిన విత్తనం దాహంతో ఉన్న ఉపవాసుల గొంతులు తడిపింది. నేను దాన్ని నష్టమన్నాను. ఆమె పేరున అది దానంగా చేరిందని ఆశపడుతున్నాను. అక్కడ ఏది ఎలా చేరుతుందో తెలిసినవాడు ఆయనొక్కడే.

ఇది చదివినవాళ్లు, మీరు ఏ తీరున ప్రార్థించేవాళ్లయినా, ఒక్క క్షణం నాతో చేతులెత్తండి. ప్రభూ, ఆమె పడుకున్న చోటును చల్లగా, వెలుగుగా, పరిమళంగా ఉంచు. నా నోటి నుంచి వచ్చిన ఆ మాటను క్షమించు. దాన్ని మౌనంగా భరించి, గింజకు గోనె కప్పిన ఆ బిడ్డను నీ నీడలో ఉంచు. ఆమీన్ అనండి.